గోడలక్క రిపోర్టు

మేస్త్రిని మూడో అంతస్తు నుంచి మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చారు. లిఫ్టు ఉంది, పనిచేస్తోంది కూడా. కానీ లిఫ్టులో దించితే చూసేదెవరు? ఉదయం పదకొండు గంటలకు, అన్ని అంతస్తులవాళ్లూ టీ కోసం కిందికి దిగే వేళ చూసి మరీ దించారు. ఇద్దరు గార్డులు చంకల కింద చేతులు వేసి లాగుతున్నారు. ఒకడు కాలరు పట్టుకున్నాడు. నాలుగోవాడు వెనక నుంచి బూటుకాలితో తోస్తున్నాడు.

ముందు హాల్లో గోడంత టీవీలో కంపెనీ యజమాని మాట్లాడుతున్నాడు. తమ కంప్యూటరు ఆటకు పదేళ్లు నిండుతున్నాయని తయారుచేయించుకున్న వీడియో అది. "ఒక చిన్న గదిలో ఒంటరిగా కూర్చుని ఈ లోకాన్నంతా నేను కలగన్నాను" అంటున్నాడు. పేపర్లవాళ్లు ఆయన్ని సృష్టికర్త అంటారు. లోపల పనిచేసేవాళ్లు సృష్టిగాడు అంటారు, అదీ గార్డులు దగ్గర లేనప్పుడు.

"నా కళ్లజోడు బాబూ, కళ్లజోడు పడిపోయింది" అంటూ మేస్త్రి వెనక్కి వంగాడు. కాలరు పట్టుకున్నవాడు ఈయన తిరగబడుతున్నాడనే అనుకున్నాడో, అనుకోవాలనుకున్నాడో, లాఠీ తిప్పి మెడ మీద వేశాడు. మేస్త్రి ముందుకు బోర్లా పడ్డాడు. చివరి మెట్టు రాతి అంచు కణతకు తగిలింది. ఆ చప్పుడు టీవీ మాటల్లోంచి కూడా వినబడింది.

హాల్లో రెండు వందల మంది ఉన్నారు. ఒక్కరు కదల్లేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. ఇంత చదువులు చదువుకున్నవాళ్లు, టీ కప్పులు చేత్తో పట్టుకుని గుడ్లప్పగించి చూశారు. రాతి మీద నెత్తురు పాకి ఒకాయన బూటు దాకా వస్తే, ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

రెండో అంతస్తు మేనేజరు మెట్ల మీద నిలబడ్డాడు. ఇరవై నాలుగు గంటలూ పళ్లు బయటపెట్టుకునే ఉంటాడు కాబట్టి అందరూ అతన్ని చిరునవ్వు అని పిలుస్తారు. "మనమంతా ఒక కుటుంబం కదమ్మా. ఇంట్లో మనిషే దొంగతనం చేస్తే ఎలా చెప్పండి? కంపెనీ గోడల మీద దొంగచాటుగా పేర్లు చెక్కాడు ఈయన. అంతే సంగతి. టీ చల్లారిపోతుంది, తాగండి" అన్నాడు.

గోడలక్క ఒక్కతే ముందుకొచ్చింది. ధైర్యంతో కాదు. మెట్ల మీద ఊడిపోయిన మేస్త్రి చెప్పు తీసి గుండెకు హత్తుకుని అక్కడే కూలబడింది. ఆయన్ని పట్టించింది తానేనని ఆ హాల్లో ఆమెకొక్కదానికే తెలుసు.

మీలో చాలామంది 'ఏడు కోటలు' ఆడే ఉంటారు. మీరు ఆడకపోతే మీ ఇంట్లో ఎవరో ఆడుతుంటే అన్నం చల్లారిపోతోందని తిట్టే ఉంటారు. లక్షలమంది ఒకేసారి ఒకే ఊళ్లో తిరిగే ఆట అది. అందులో కోటలున్నాయి, వీధులున్నాయి, ఒక పెద్ద సంత ఉంది. ఆ రాళ్లు పేర్చిందెవరని ఎప్పుడైనా అడిగారా? పేర్చింది మేస్త్రి. ఆయనేం తాపీ పట్టినవాడు కాదు. పదకొండేళ్లుగా కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఆటలో గోడలు కట్టాడు, మెట్లు వేశాడు, సంత వీధిలో బండలు పరిచాడు. అందుకే ఆ పేరు.

గోడలక్క పని ఇంకా విచిత్రం. ఆమె గోడలు నెడుతుంది. ఆటలోని బొమ్మమనిషిని గోడకు ఆనించి అడుగడుగునా నెట్టుకుంటూ పోవాలి. ఎక్కడో ఒకచోట రాయికీ రాయికీ మధ్య సందు ఉంటుంది. అందులోంచి బొమ్మమనిషి జారి ఆట అవతలికి పడిపోతాడు. ఆ సందు పట్టుకుని రిపోర్టు రాయాలి, పైవాళ్లు మూసేస్తారు. తొమ్మిదేళ్లుగా రోజూ ఇదే చేసీ చేసీ, వీధిలో నడిచేటప్పుడు కూడా ఆమె భుజం గోడల వైపు ఒరిగేది. ఓడలో వంటవాడిగా తిరిగే మొగుడు ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చినప్పుడు, "నన్ను చేసుకున్నావా, ఈ గోడని చేసుకున్నావా తల్లీ" అని ఏడిపించేవాడు.

రిపోర్టులో నాలుగు గళ్లు ఉంటాయి. చోటు. ఏం చేస్తే జరిగింది. తీవ్రత. మళ్లీ మళ్లీ జరుగుతుందా. ఆ నాలుగూ ఆమె వేళ్లే నింపేసేవి, మనసుతో పనిలేదు.

ఆ సోమవారం, పని దిగే ముందు, సంత వీధిలో నీళ్లతొట్టి వెనక గోడ నెడుతోంది. గోడ లోపలికి దారిచ్చింది. బొమ్మమనిషి దబ్బున లోపల పడ్డాడు. వేళ్లు టకటకా రాసేశాయి. సంత వీధి, తొట్టి వెనక. ఎడమ భుజంతో మూడుసార్లు నెడితే. తీవ్రత స్వల్పం. మళ్లీ మళ్లీ జరుగుతుంది. పంపేసింది. పంపాక తలెత్తి చూసింది.

అదొక గది. ఒక దీపం వెలుగుతోంది. నాలుగు గోడల నిండా పేర్లు, ఒక్కొక్కటీ ఉలితో చెక్కినట్టు. మూడు వందల పన్నెండు పేర్లు.

అవేమిటో చదవగానే తెలిసింది. ఆట చివర పనిచేసినవాళ్ల పట్టిక ఒకటి తెర మీద పైకి పోతుంది కదా, అందులో పేరు పడాలంటే ఆట విడుదలైన రోజున ఉద్యోగంలో ఉండాలి. అది కంపెనీ రూలు. అందుకని కొత్త భాగం విడుదలకు వారం ముందు కాంట్రాక్టు వాళ్లను ఇంటికి పంపేవారు. వారం పోయాక మళ్లీ పిలిచేవారు. పదేళ్లలో అలా పట్టిక ఎక్కనివాళ్లే ఈ మూడు వందల పన్నెండు మందీ. తెర చూసీ చూసీ కళ్లు పోగొట్టుకున్నామె ఉంది. బల్ల మీద తలవాల్చి మరి లేవనివాడున్నాడు. మేస్త్రి వాళ్లందరికీ ఒక గది కట్టాడు. తూర్పు గోడ మీద చివరి పేరు గోడలక్కది. మేస్త్రి పేరు మాత్రం ఎక్కడా లేదు.

పంపిన రిపోర్టు వెనక్కి రాదు. పరుగున పైకెళ్లి "మేస్త్రీ, పొరపాటు చేశాను, చెరిపెయ్యండి" అని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. చెబితే తన ఉద్యోగం కూడా పోతుందేమోనని భయపడింది. రెండు రోజులు నోరు మెదపలేదు. మూడోరోజు మెట్ల మీద ఆ చప్పుడు వింది.

శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రి ఆస్పత్రిలో పోయాడు. మెట్ల మీద కాలుజారి పడ్డాడని కంపెనీ నోటీసు అంటించింది.

గోడలక్క ఇంటికి వెళ్లేసరికి అత్త కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో ఆడుతోంది. ముప్పై ఏళ్లు బట్టల మిల్లులో చేసిన మనిషి. కుడిచేతికి నాలుగే వేళ్లు. ఆ నాలుగు వేళ్లతోనే 'ఏడు కోటలు'లో నాలుగు వందల మంది దండును నడిపిస్తుంది. కోడలు కట్టిన ఊళ్లో అత్త పెత్తనం ఏమిటని ఇరుగుపొరుగు నవ్వుతారు.

"అత్తయ్యా, నేనొక మనిషిని చంపాను."

అత్త ఫోన్ బోర్లా పెట్టింది. "ఎవర్నే?"

మొత్తం చెప్పింది. అత్త మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు, అది ఆమెకు అలవాటు లేని పని.

"రాసింది నీ చెయ్యే. మూసుకు కూర్చున్నది నీ నోరే. కాదని నేను ముద్దు చెయ్యను నిన్ను" అంది చివరికి. "కానీ లాఠీ ఎవడి చేతిలో ఉందే? నా వేలు తెగినప్పుడు సూపర్‌వైజరు ఏమన్నాడో తెలుసా? మెషిన్ ఆన్ చేసింది నువ్వే కదా అన్నాడు. ముప్పై ఏళ్లు నేశాను. బట్ట అంచు పొడుగునా ఆ మిల్లువాడి పేరే. నా పేరు ఒక్క పోగు మీద లేదు. వేలు మాత్రం నాది."

"ఏం చెయ్యమంటావు అత్తయ్యా?"

"ఏడువు. కానీ ఇక్కడ కాదు. ఎవరి ముందు ఏడవాలో వాళ్ల ముందు ఏడువు."

శనివారం మొదటి అంతస్తులో ఇంకొకటి జరిగింది. అక్కడ అరవై మంది ఆడపిల్లలుంటారు. ఆటలో జనం ఒకరినొకరు తిట్టుకునే బూతులు, బెదిరింపులు, రోత బొమ్మలు అన్నీ వీళ్ల కళ్ల ముందు నుంచే పోవాలి. వీళ్లు ఊడ్చేస్తేనే ఆ ఊరు శుభ్రంగా కనబడుతుంది. వాళ్లలో గట్టి పిల్లను అందరూ చీపురు అని పిలుస్తారు, ఆ పిల్లే పెట్టుకున్న పేరు. ఆమె ముందుకు చిరునవ్వు ఒక కాగితం తోశాడు.

"ఈ మాటలు బూతుల పట్టికలో కలపమ్మా. ఎవరు టైపు చేసినా చెరిగిపోవాలి. బుధవారం పదేళ్ల వేడుకలో ఎక్కడా కనబడకూడదు."

చీపురు చదివింది. "సార్, ఇవి బూతులు కావు. మనుషుల పేర్లు."

"ఇవాళ్టి నుంచి బూతులే."

"ఇందులో మా అక్క పేరుంది సార్. మా అక్క పేరు బూతా?"

చిరునవ్వు నవ్వుతూనే ఉన్నాడు. చీపురు ముందున్న కీబోర్డు వైరుతో సహా పెరికి అతని మూతి మీద కొట్టింది. రెండు మీటలూ ఒక పన్నూ నేల మీద పడ్డాయి. ఆ మొహాన నవ్వు లేకపోవడం ఆ అంతస్తు వాళ్లు మొదటిసారి చూశారు. గార్డులు పరుగెత్తుకొచ్చి ఆమెను జుట్టు పట్టి కింద పడేసి తన్నారు. కానీ ఈసారి ఎవరూ టీ కప్పులు పట్టుకుని నిలబడలేదు. అరవై మందీ కుర్చీలెత్తారు. ఒక గార్డు భుజం విరిగింది, ముగ్గురు పిల్లల తలలు పగిలాయి. అరవై మందీ చీపుర్ని మధ్యలో పెట్టుకుని, నెత్తురు తుడుచుకోకుండా వీధిలోకి నడిచారు.

ఆదివారం సాయంత్రం, మూతబడిన మిల్లు భోజనాల షెడ్డులో ఆరు వందల మంది కూడారు. తాళం అత్త దగ్గరే ఉంది. మిల్లు మూసిన రోజున ఇచ్చెయ్యమన్నారు, ఆమె ఇవ్వలేదు.

మీటింగు మొదలైన పావుగంటకే ఒకరి మీద ఒకరు పడ్డారు.

"బుధవారం పని ఆపాలంటే ముందు మేం ఆపాలి" అన్నాడు కోడ్ రాసే పొడుగాయన. "ఆట నడిచేది మా కోడ్ మీద. మేం లేకపోతే మీ గోడలు ఉత్త బొమ్మలు."

"అబ్బో! ఆ బొమ్మలు చూసే కదయ్యా జనం వచ్చింది. నీ కోడ్ చూసి వచ్చారా?" అంది బొమ్మలు గీసేవాళ్లలో ఒకామె.

"మీరు రాసిందీ గీసిందీ ఎక్కడుంటుందో తెలుసా అసలు?" అని లేచాడు స్వెట్టర్. కింద మెషిన్ల హాలును చల్లగా ఉంచే పని అతనిది. మండుటెండల్లో కూడా స్వెట్టర్ వేసుకుని తిరుగుతాడు. "నా గదిలో ఉంటుంది. నేనొక్క గంట కునుకు తీస్తే మీ లోకమంతా పొగ."

"మేం మూడు రోజులు ఊడవకపోతే ఏ ఆడపిల్లా ఆ ఊళ్లో అడుగు పెట్టదు" అంది తలకు కట్టుతో చీపురు.

గొడవ ముదిరింది. ఎవరో ఎవరి చొక్కానో పట్టుకున్నారు. అత్త బల్ల ఎక్కి ఇనుప పళ్లెం ఒకటి తీసుకుని దణదణ మోగించింది.

"అయిందా? నేనూ చెప్పనా? నేను ఆ ఆట ఆడేదాన్ని. నాలుగు వందల మంది దండుకి పెద్దని." షెడ్డు గొల్లుమంది. "నవ్వండి. మొదటి ఏడాది మీ ఆట ఎలా ఉండేదో మర్చిపోయారా? నడిస్తే పడేవాళ్లం, పడితే లేచేవాళ్లం కాదు. కొత్తగా వచ్చినవాడు దిక్కులు చూస్తుంటే వేలు పట్టి దారి చూపిందెవరు? కంపెనీ చూపిందా? మేం చూపించాం. నర్సులు, లారీ డ్రైవర్లు, నాలాంటి ముసలాళ్లు. ఈ మేస్త్రి బండలు పరిచాడు. దాన్ని సంత చేసింది మేము. మనుషుల్లేకపోతే అది సంతా, మైదానమా?" ఊపిరి తీసుకుంది. "ఇంతకీ ఆట ఎవరిది? నాదంటే నాదని కొట్టుకు చావండి. మీరు కొట్టుకుంటున్నంతసేపూ అది వాడిదే."

గోడలక్క లేచింది.

"ఆ గది గురించి రిపోర్టు రాసింది నేనే" అంది. వేళ్లు ఎలా రాసేశాయో, రెండు రోజులు ఎలా నోరు మూసుకుందో అంతా చెప్పింది. "మేస్త్రి మెట్లు దిగుతున్నప్పుడు ఎందుకో నాకు తెలుసు. అయినా నిలబడి చూశాను."

"ద్రోహి!" అని ఎవరో అరిచారు. మేస్త్రి భార్య జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆవిడ దర్జీ. కుట్టు మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, వేలికి ఇనుప తొడుగు అలాగే ఉంది. లాగి కొట్టింది. గోడలక్క చెంప చీరుకుపోయింది. మళ్లీ కొట్టింది. ఎవరూ ఆపలేదు. గోడలక్క చెయ్యి అడ్డం పెట్టలేదు.

మూడోసారి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "నీ గురించి ఇంటికొచ్చి చెప్పేవాడే" అంది ఆవిడ, ఏడుపు దిగమింగుతూ. "నా గోడలో సందుంటే ఆవిడే పట్టాలి అని గర్వంగా చెప్పేవాడు. ఆ గదికి తలుపు పెట్టలేదేం అంటే, ఆవిడ నెట్టుకుని వస్తుంది, ముందు తన పేరు తను చూసుకుంటుంది అన్నాడు. నిన్ను నమ్మాడే పిచ్చి మనిషి!"

గోడలక్క ఆమె కాళ్ల దగ్గర కూలబడి బిగ్గరగా ఏడ్చింది. ఎవరి ముందు ఏడవాలో వాళ్ల ముందే ఏడ్చింది.

"లే" అంది మేస్త్రి భార్య చాలాసేపటికి. "నిన్ను క్షమించాననుకోకు. కానీ చంపిందెవడో నాకు తెలుసు. బుధవారం గేటు దగ్గర నా పక్కన నిలబడు."

పని ఆపాలన్న తీర్మానానికి ఆరు వందల చేతులు లేచాయి. పొడుగాయన చెయ్యి అన్నిటికంటే పైన ఉంది, ఎత్తు మనిషి కదా.

సోమవారం చిరునవ్వు వాచిన మూతితో గోడలక్క బల్ల దగ్గరికొచ్చాడు. "సంత వీధి సందు మూసేశారు. కనిపెట్టింది నువ్వే కాబట్టి సరిచూడాల్సిందీ నువ్వే. బుధవారం సార్ విగ్రహం అక్కడే లేస్తుంది. అందరూ చూస్తుంటారు. కాస్త జాగ్రత్త."

ఆమె నెట్టింది. ఎడమ భుజంతో మూడుసార్లు. గోడ కదల్లేదు. అక్కడితో ఆపొచ్చు. కానీ మేస్త్రి పనితనం ఆమెకు తెలుసు. ఆయన కింది వరస రాళ్లను ఎప్పుడూ అరచేతి వెడల్పున లోపలికి పెడతాడు. మూసినవాడు కొత్తవాడు, పైపైన పూసి వదిలేశాడు. బొమ్మమనిషిని వంచి, కుడి భుజంతో కింద నెట్టింది. గోడ దారిచ్చింది. లోపల దీపం ఇంకా వెలుగుతోంది. చెరపడానికి కూడా వాళ్లకు ఓపిక లేకపోయింది.

వేళ్లు వాటంతటవే 'మూసుకోలేదు' అని మొదలుపెట్టాయి. ఆమె కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని బల్లకేసి అదిమింది. తొమ్మిదేళ్లలో ఒక్క తప్పుడు రిపోర్టు రాయలేదు. ఆ ఇంట్లో, ఆ వీధిలో, ఈ కంపెనీలో ఆమెకున్న గౌరవమంతా అదొక్కటే. నెమ్మదిగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ రాసింది. మూసుకుంది. మళ్లీ జరగదు.

ఇంటికెళ్లి చెప్పులు విప్పకముందే అంది. "అత్తయ్యా, వంగి నెట్టాలి. కుడి భుజంతో."

అత్త ఫోన్ అందుకుంది. ఆ మాట నాలుగు వందల మందికి వెళ్లింది. వాళ్ల నుంచి ఎంతమందికి వెళ్లిందో లెక్కెవరికీ తెలియదు.

బుధవారం ఉదయం పదికల్లా కంపెనీ గేటు ముందు రెండు వేల మంది ఉన్నారు. వంట మనుషులు, ఊడ్చేవాళ్లు, కాలేజీ పిల్లలు కూడా వచ్చారు. ఎదురుగా మూడు వరసల పోలీసులు, డాళ్లు, లాఠీలు, వెనక తుపాకులు. లోపల హాల్లో కెమెరాలు. సృష్టిగాడు తెల్లకోటు వేసుకుని వేదిక ఎక్కాడు. అత్త రోడ్డు పక్క అరుగు మీద కూర్చుని ఫోన్లోకి అరుస్తోంది.

"తొందరపడకండి! ముసుగు తీయనివ్వండి ముందు!"

పదకొండు గంటలకు ఆటలో సంత వీధిన, ముప్పై లక్షల మంది ముందు, సృష్టిగాడి తెల్లరాతి విగ్రహం మీద ముసుగు జారింది. ఆ ముప్పై లక్షల మందీ విగ్రహానికి వీపు తిప్పారు. తొట్టి వెనక్కి నడిచారు. వంగారు. నెట్టారు.

హాల్లో గోడంత టీవీ మీద ఆ గది వచ్చింది. జనం లోపలికి పోతూనే ఉన్నారు. ఒక్కొక్కరూ ఒక్కో పేరు చదివి టైపు చేస్తున్నారు. పేర్లు తెర మీద వర్షంలా పడుతున్నాయి. బూతుల పట్టికలో కలిపేందుకు మొదటి అంతస్తులో ఒక్కరూ లేరు. మూడు వందల పన్నెండూ అయ్యాక, గోడ మీద లేని మూడు వందల పదమూడో పేరు మొదలైంది. మేస్త్రి పేరు. అదొక్కటే లక్షసార్లు, పది లక్షలసార్లు పడింది. గేటు బయట మేస్త్రి భార్య అత్త ఫోన్లో అది చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆపండి! మొత్తం ఆపెయ్యండి!" అని సృష్టిగాడు కేకలు పెట్టాడు. ఆపాలంటే మెషిన్ల హాల్లోకి పోవాలి. స్వెట్టరూ ఇంకో ఆరుగురూ లోపలి నుంచి గడియ పెట్టుకుని కూర్చున్నారు. గార్డులు గొడ్డళ్లతో తలుపు పగలగొట్టారు. ఏ మీట నొక్కాలో చెప్పమని గొడ్డలి మడమతో స్వెట్టర్ మణికట్టు మీద కొట్టారు. ఎముక పటుక్కుమంది. "చలి వేస్తోంది, తలుపెయ్యండి" అన్నాడట అతను. చివరికి గార్డులే చేతికందిన వైర్లన్నీ నరికారు. పొగ లేచింది. ముప్పై లక్షల తెరలు ఒక్కసారి నల్లబడ్డాయి.

అదే నిమిషంలో బయట లాఠీలు లేచాయి. ముందు వరస మీద వానలా పడ్డాయి. పొగ గుండ్లు పేలాయి. మేస్త్రి భార్య నుదురు చిట్లింది. ఆమెకు అడ్డం వెళ్లిన గోడలక్క ఎడమ భుజం ఎముక విరిగి చెయ్యి వేలాడింది. ఒక పోలీసు అరుగు మీద అత్త ఫోన్ను గురిచూసి కొట్టాడు. ఫోన్ తునకలైంది, అత్త వేళ్లు రెండు విరిగాయి. "రెండు వదిలేశావేంరా సన్నాసీ, అవీ తీసుకో!" అని ఆ చేతినే అతని మొహం మీదికి జాపింది.

జనం పోలీసు వరసలను తోసుకుని ఇనుప గేటు మీద పడ్డారు. ఒకరు పైన, ఒకరు మధ్యన, తలా ఒకచోట నెడుతున్నారు. గేటు ఊగుతోందే కానీ దారివ్వడం లేదు. గోడలక్క పొగలోంచి దాన్ని చూసింది. తొమ్మిదేళ్లు చూసిన కన్ను. కింది మడత బందు దగ్గర సిమెంటు పగిలి ఉంది.

"అక్కడ కాదు! కింద! అందరూ ఒకేచోట! వంగండి, కుడి భుజం పెట్టండి!"

వంగారు. కోడ్ రాసినవాళ్లు, బొమ్మలు గీసినవాళ్లు, ఊడ్చినవాళ్లు, ఆడినవాళ్లు. ఒకటి. రెండు. మూడోదానికి బందు పెరుక్కుని వచ్చి గేటు లోపలికి కూలింది.

అప్పుడు పోలీసులు కాల్చారు. పొడుగాయన అందరికంటే ఎత్తు. గుండు గొంతులో దిగింది. చొక్కా పట్టుకుని కొట్లాడినవాళ్లే ఆయన్ని చేతుల మీద ఎత్తుకుని హాల్లోకి మోసుకెళ్లారు. మేస్త్రి పడిన మెట్టు మీదే పడుకోబెట్టారు. గోడంత టీవీని కుర్చీలతో ముక్కలు చేశారు. సృష్టిగాడు వెనక తలుపు నుంచి, కోటు అక్కడే వదిలేసి పారిపోయాడు.

పట్టుబడినవాళ్లు నూట ఎనభై మంది. గోడలక్కను స్టేషన్లో విడిగా కూర్చోబెట్టారు. చేతికి కట్టు కూడా కట్టలేదు. ఇన్‌స్పెక్టరు కాగితం, పెన్నూ ముందుకు తోశాడు.

"నాయకుడెవడు? ఎవడు చేయించాడు ఇదంతా? జరిగింది రాయి. ఒక్కడి పేరు చెబితే ఇంటికి పోతావు."

"ఒక్కడా?" అంది ఆమె. వాచిన పెదవులతో నవ్వింది. "మీకూ అదే జబ్బా సార్?"

కాగితం దగ్గరికి లాక్కుని రాసింది. ఈసారి వేళ్లు వాటంతటవి రాయలేదు, ఆమే రాసింది.

చోటు: కంపెనీ ముందు గేటు.
ఏం చేస్తే జరిగింది: అందరూ వంగి ఒకేచోట నెడితే.
తీవ్రత: ఇద్దరు మనుషులు పోయారు. స్వల్పం అని ఇంకెప్పుడూ రాయను.
మళ్లీ మళ్లీ జరుగుతుందా:

అక్కడ పెన్ను ఆగింది. ఇన్‌స్పెక్టరు కాగితం లాక్కుని చదివాడు. మొహం కందగడ్డలా అయింది. కాగితం బల్ల మీదికి విసిరి లేచి, విరిగిన భుజం మీదే లాఠీతో పొడిచాడు. ఆమె కళ్లు చీకట్లు కమ్మాయి.

వీధిలో ఏదో హోరు. కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు. "సార్, బయట జనం సార్. కంపెనీ వాళ్లు కాదు, ఎవరో ఏమిటో. ఆసుపత్రి బట్టల్లో నర్సులున్నారు, లారీలు రోడ్డుకడ్డం పెట్టేశారు. ముసలాళ్లు కూడా ఉన్నారు సార్. అట్టముక్కల మీద పేర్లు రాసుకొచ్చారు, గట్టిగా చదువుతున్నారు. ఒకావిడ చేతికి కట్టుతో ముందు నిలబడి అందర్నీ వంగమంటోంది."

స్టేషన్ గేటు ఇనుము ఒకసారి కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది.

గోడలక్క బల్ల మీద నుంచి కాగితం వెనక్కి తీసుకుంది. ఇన్‌స్పెక్టరు ఆపలేదు, అతను కిటికీ వైపు చూస్తున్నాడు. నాలుగో గడి నింపింది.

జరుగుతుంది.